కులం అడగని థెరపిస్టుకు కులం లేనట్టేనా?

క్లినికల్ సైకాలజిస్టుల పరిచయాలు ఎక్కడ చదివినా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. పేరు, డిగ్రీలు, భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్, ఎన్నేళ్ల అనుభవం, వయోజనులతో ఏ పద్ధతిలో పనిచేస్తారు, ఆందోళనకా, కుంగుబాటుకా, దాంపత్య సమస్యలకా. చివర్లో ఒక హామీ: ఇక్కడ మిమ్మల్ని ఎవరూ తప్పుబట్టరు, మనసు విప్పి మాట్లాడండి. ఈ పరిచయాల్లో నేపథ్యం అంటే చదువుకున్న సంస్థల జాబితా. ఆ మనిషి ఏ ఊళ్లో ఏ వీధిలో పెరిగారు, వాళ్లింట్లో పనిమనిషికి ఏ గ్లాసులో టీ ఇచ్చేవారు, రిజర్వేషన్ల గురించి భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవారు అన్నది నేపథ్యం కింద లెక్కకు రాదు.

లెక్కకు రావాలన్నదే నా వాదన. శస్త్రచికిత్సలో కత్తి ఉంటుంది, రక్తపరీక్షలో యంత్రం ఉంటుంది. థెరపీలో పనిముట్టు మనిషే. వినే చెవి, విన్నదాంట్లో ఏది ముఖ్యమో తేల్చే మనసు, తర్వాత అడిగే ప్రశ్న, ఇవే అక్కడి పరికరాలు. ఆ చెవి ఎక్కడ పెరిగిందో అడగకుండా చికిత్స నాణ్యత గురించి మాట్లాడటం కుదరదు. కులం గురించి ఎప్పుడూ ఆలోచించాల్సిన అవసరం రాని మనిషి తనను తాను తటస్థుడిగా భావించుకోవడం సహజం. అలా భావించుకోగలగడమే ఆ మనిషి కులం ఇచ్చిన సౌకర్యం.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో, సుక్‌దేబ్ సాహా వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనే పేరుతో వచ్చిన తీర్పు అది. మానసిక ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించాలని మార్గదర్శకాల్లో పెట్టింది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వంటి అణగారిన నేపథ్యాల విద్యార్థులతో ఎలా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలనీ అంది. మంచిదే. కానీ ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారు? వాళ్లకు ఏం నేర్పి పంపుతున్నాం? కౌన్సెలర్ లేని క్యాంపస్ కన్నా కులం వినపడని కౌన్సెలర్ ఉన్న క్యాంపస్ కొన్నిసార్లు ఎక్కువ ప్రమాదం. అక్కడ మన పిల్లల బాధకు ఒక ఫైలు తయారవుతుంది, ఆ ఫైలులో తప్పు వాళ్లదేనని రాసి ఉంటుంది.

రైలెక్కి వచ్చిన కులం

నేను బిలాస్‌పూర్ నెహ్రూ నగర్ నుంచి రాస్తున్నాను. ఇది రైల్వే ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ పట్టాలు వేసుకుంటూ పోయినకొద్దీ ఉత్తరాంధ్ర నుంచి తెలుగువాళ్లు ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ దాకా వెళ్లి స్థిరపడ్డారు. విజయనగరం, రాయపూర్‌ల మధ్య లైను 1931లో పూర్తయ్యాక ఈ రాకపోకలు ఇంకా పెరిగాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ఏర్పడి బిలాస్‌పూర్ దాని కేంద్రమైంది. గ్యాంగ్‌మన్లుగా, ఖలాసీలుగా, సఫాయి కార్మికులుగా వచ్చినవాళ్ల మూడో తరం, నాలుగో తరం ఇప్పుడు ఇక్కడ ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ.

ఊరు మారితే కులం మాసిపోతుందని ఆ తరం ఆశపడింది. కులం కూడా రైలెక్కి వచ్చింది. ఎవరికి ట్రాక్ పని, ఎవరికి పాయఖానా పని, ఎవరికి ఆఫీసు పని అన్నది పాత ఊరి లెక్క ప్రకారమే తేలింది. తెలుగువాళ్లు ఒకచోట కలిస్తే "మీరేమిట్లు?" అన్న ప్రశ్న ఇప్పటికీ వస్తుంది. హిందీవాళ్లు అదే ప్రశ్నను "పూరా నామ్ క్యా హై?" అని అడుగుతారు.

దీనికి తోడు కాగితం గొడవ ఒకటి. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీగా ఉన్న మనిషి వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ హోదా కోరలేడని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పిటిషనర్ కూడా ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన కుటుంబంలోని విద్యార్థే. దాని ఫలితం రైల్వే కాలనీల్లో ఇలా కనిపిస్తుంది: కేంద్ర కొలువులో తండ్రి ఎస్సీ, రాష్ట్ర ప్రభుత్వ కాలేజీ ఫారంలో కొడుకు జనరల్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నాటికి మీ తాత ఎక్కడున్నాడో రుజువు తెమ్మంటారు. గ్యాంగ్‌మన్‌గా గుడిసెలో ఉన్నవాడు ఏ రుజువు దాచిపెడతాడు? అవమానానికి కులం ఉంది, హక్కుకు లేదు. ఈ రెండింటి మధ్య పెరిగిన మనిషి మనసులో ఏం జరుగుతుందో ఏ పాఠ్యపుస్తకంలోనూ అధ్యాయం లేదు.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మానసిక వైద్యశాల బిలాస్‌పూర్ పక్కనే సెంద్రిలో ఉంది. సత్‌నామీ ఉద్యమ ప్రవక్త గురు ఘాసీదాస్ పేరుతో 1983లో వెలసి 2009లో కేంద్రీయమైన విశ్వవిద్యాలయం కూడా ఈ ఊళ్లోనే ఉంది. అంటే కులాన్ని ప్రశ్నించిన చరిత్రా, మనసుకు చికిత్స చేసే సంస్థా పక్కపక్కనే ఉన్నాయి. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మాత్రం నేను చూడలేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ సమస్యలున్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని దేశం మొత్తం మీద ఆ సర్వే చెప్పింది. దీనికి అవగాహన లేకపోవడం, ఖర్చు, దూరం, చాటుమాటు కారణాలని సాధారణంగా చెబుతారు. వెళ్లినవాళ్లు రెండోసారి ఎందుకు వెళ్లరు అన్న ప్రశ్న అంతగా వినపడదు.

గదిలో ఏం జరుగుతుంది

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. నలభైకి దగ్గరపడిన రైల్వే టెక్నీషియన్. రోస్టర్ ప్రకారం ప్రమోషన్ వచ్చింది. ఆర్నెల్లుగా నిద్ర లేదు, గుండె దడ. ఇసిజి మామూలుగానే ఉందని చెప్పి డాక్టర్ సైకాలజిస్టు దగ్గరికి పంపాడు. "నేను గదిలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోతాయి సార్. కోటావాడొచ్చాడని వాళ్ల మనసులో ఉంటుంది" అంటాడతను. 

వయోజనులతో ఎక్కువగా వాడే పద్ధతి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. 1960లలో ఆరన్ బెక్ రూపొందించిన దారి ఇది. అందులో ఒక కాగితం ఉంటుంది: జరిగిన సందర్భం, వచ్చిన ఆలోచన, కలిగిన భావం, ఆ ఆలోచనకు అనుకూలమైన సాక్ష్యం, వ్యతిరేక సాక్ష్యం, చివరికి దాని బదులు పెట్టుకోగల ఆలోచన. ఎదుటివాళ్ల మనసులో ఏముందో తనకు తెలుసని అనుకోవడం ఈ పద్ధతి గుర్తించే ఆలోచనా దోషాల్లో ఒకటి. కాబట్టి సైకాలజిస్టు అడుగుతారు: "వాళ్లు అలాగే అనుకుంటున్నారని మీకెలా తెలుసు? వేరే కారణం ఉండొచ్చుగా?" పద్ధతి ప్రకారం ఇందులో తప్పు లేదు. కానీ ఆ టెక్నీషియన్‌కు ఈ ప్రశ్న కొత్త కాదు. "నువ్వే ఎక్కువ ఊహించుకుంటున్నావ్" అని ఆఫీసులో వాళ్లు అన్నదే ఇక్కడ ఫీజు కట్టి మళ్లీ విన్నాడు.

తప్పు బెక్ కాగితంలో లేదు. నిజానికి అది సాక్ష్యం అడుగుతుంది, అది నిజాయితీ గల ప్రశ్న. ఏది సాక్ష్యమవుతుందో తేల్చేవాళ్ల అనుభవమే అసలు సమస్య. మాటలు ఆగిపోయిన గదిని లోపలి నుంచి ఎరిగిన మనిషికి మౌనం కూడా సాక్ష్యమే. ఆ మౌనంలో ఎప్పుడూ మాట్లాడేవాళ్ల వైపే కూర్చున్న మనిషికి అది ఖాళీ. మొదటి థెరపిస్టు అయితే అదే కాగితాన్ని తిరగేసి అడగగలరు: "మీరు చూసింది నిజమే కావచ్చు. వాళ్ల అభిప్రాయం నిజమని మీరు నమ్మడం ఎప్పుడు మొదలైంది?" ఇక్కడి నుంచి చికిత్స మొదలవుతుంది. ఎందుకంటే వివక్ష నిజం, కానీ తాను తక్కువ అన్న భావం అబద్ధం. ఈ రెండింటినీ విడదీయడమే ఇక్కడ థెరపిస్టు చేయాల్సిన పని. కులం కనపడని థెరపిస్టు వివక్షను అబద్ధం చేసి, తక్కువతనాన్ని "ఆత్మవిశ్వాస లోపం" అనే పేరుతో నిజం చేస్తారు.

భాష సంగతి కూడా చూడాలి. మన తెలుగులో బెంగ వేరు, దిగులు వేరు, గుబులు వేరు. బెంగ ఎవరి కోసమో, ఏ ఊరి కోసమో పెట్టుకుంటాం. గుబులు రాబోయేదాని గురించి. దిగులుకు ఒక్కోసారి కారణమే కనిపించదు. "నలుగురిలో తల కొట్టేసినట్టయింది" అని మా కాలనీలో పెద్దవాళ్లు అంటారు. ఆ ఒక్క మాటలో సంఘటన ఉంది, చూసిన నలుగురూ ఉన్నారు, పోయిన పరువూ ఉంది. అదే మనిషి బిలాస్‌పూర్ క్లినిక్‌లో హిందీలో చెప్పాల్సి వస్తే "బురా లగా" అంటాడు. ఫైలులో ఆందోళన అని పడుతుంది. నలుగురు ఎవరో, తల ఎవరు కొట్టేశారో ఆ ఫైలులోకి రాదు.

రోగ నిర్ధారణ పుస్తకాలు కూడా ఇక్కడ సాయపడవు. అమెరికన్ మనోవైద్యుల సంఘం 2013లో తెచ్చిన డిఎస్ఎం-5 ప్రకారం పిటిఎస్‌డి అని తేల్చాలంటే ప్రాణాపాయమో, తీవ్రమైన గాయమో, లైంగిక హింసో జరిగి ఉండాలి, లేదా వాటి ముప్పు ఎదురై ఉండాలి. ఇరవై ఏళ్లపాటు రోజూ విడిగా పెట్టిన గ్లాసు ఆ కొలతలో గాయం కాదు. అదే పుస్తకంలో సాంస్కృతిక నేపథ్యం తెలుసుకోవడానికి 16 ప్రశ్నల ఇంటర్వ్యూ కూడా ఉంది. ప్రశ్నలు ఉన్నాయి కాబట్టి అడిగేవాళ్లు ఉన్నారని అనుకోలేం.

ఇక క్లయింటు వైపు నుంచి చూస్తే, సైకాలజిస్టు ఇంటిపేరు బోర్డు మీదే ఉంటుంది. మన ఇంటిపేరు, తండ్రి ఉద్యోగం, సొంత ఊరు మొదటి రోజు ఫారంలోనే నింపుతాం. అంటే ఇద్దరికీ తెలుసు. తెలిసిన సంగతి తెలియనట్టు ఇద్దరూ నటిస్తారు. మన మనిషి "మాది మిడిల్ క్లాస్ రైల్వే ఫ్యామిలీ" అని మొదలుపెట్టి అసలు విషయం చుట్టూ తిరిగి వచ్చేస్తాడు. మూడో సెషన్‌కు రాడు. చికిత్సకు సహకరించలేదని నమోదవుతుంది.

శాస్త్రానికీ ఒక నేపథ్యం ఉంది

వ్యక్తుల్ని నిందించడం నా ఉద్దేశం కాదు. వాళ్లకు నేర్పిన శాస్త్రానికే ఒక నేపథ్యం ఉంది. 1922లో గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపిన, ఆయనతో విభేదించగలిగిన మేధావి. కానీ ఆ సంఘం విన్న మనసులు ప్రధానంగా బెంగాలీ భద్రలోక కుటుంబాలవి. తర్వాత పాశ్చాత్య పద్ధతులు మనకు సరిపోవంటూ దేశీయ దారులు వెతికారు. ప్రముఖ మనోవైద్యుడు జస్వంత్ సింగ్ నేకీ 1973లో గురు-చేలా సంబంధాన్ని చికిత్సకు నమూనాగా ప్రతిపాదించారు. భారతీయ రోగి థెరపిస్టుతో సమానత్వం కన్నా నమ్మి ఆధారపడగలిగే పెద్దరికాన్ని ఆశిస్తాడన్నది ఆ ఆలోచన. ఏకలవ్యుడి వారసులకు గురువు అనగానే ఏ వేలు గుర్తొస్తుందో ఆ ప్రతిపాదనలో లేదు. భగవద్గీతలో కృష్ణుడు అర్జునుడికి చేసింది కౌన్సెలింగేనని మన దేశపు మనోవైద్య రచనల్లో తరచూ చదువుతాం. అదే గీతను బాబాసాహెబ్ ప్రతివిప్లవ గ్రంథంగా విశ్లేషించిన సంగతి ఆ రచనల్లో కనపడదు.

మన తెలుగు నేలదీ ఇదే కథ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర విభాగాన్ని స్థాపించిన కోనేరు రామకృష్ణారావు అంతర్జాతీయ పేరున్న పండితుడు. యోగం, వేదాంతం, బౌద్ధం ఆధారంగా "భారతీయ మనస్తత్వ శాస్త్రం" నిర్మించాలన్న ప్రయత్నంలో ముందు నిలిచారు. చైతన్యం గురించి ఆ రచనల్లో లోతు ఉంది. అయితే ఆ భారతీయ మనసుకు వాడ లేదు, వెలివాడ లేదు. చైతన్యపు స్థాయిల మీద అన్ని పుటలు రాసిన శాస్త్రం, మనుషులను స్థాయిలుగా పేర్చిన వ్యవస్థ మనసుకు ఏం చేస్తుందో రాయడానికి సిరా మిగుల్చుకోలేదు.

ఇలాంటి శాస్త్రాన్ని తిరగరాసినవాళ్లు లోకంలో ఉన్నారు. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు, పారిపోయే బానిసలకు "డ్రాపెటోమేనియా" అనే మానసిక రోగం ఉందని రాశాడు. స్వేచ్ఛ కోరడమే జబ్బైంది. దాదాపు వందేళ్ల తర్వాత కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి సైకాలజిస్టు దంపతులు నల్ల పిల్లలకు నల్ల బొమ్మలూ తెల్ల బొమ్మలూ ఇచ్చి, వేరు చేసిన బడి ఆ పిల్లల మనసుకు ఏం చేస్తోందో చూపించారు. 1954లో బడుల్లో వర్ణ విభజనను కొట్టేసిన బ్రౌన్ తీర్పులో ఆ పనికి చోటు దక్కింది. 1968లో నల్లజాతి సైకాలజిస్టులు సొంత సంఘం పెట్టుకున్నారు. 2021లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ జాత్యహంకారంలో తన పాత్రకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. కులం విషయంలో మన దేశపు వృత్తి సంఘాలు అలాంటి ఆత్మపరిశీలనకు ఎప్పుడు కూర్చుంటాయి?

ఫ్రాంజ్ ఫానన్ అనుభవం మనకు మరీ దగ్గర. 1953లో అల్జీరియాలోని బ్లీడా ఆసుపత్రిలో చేరినప్పుడు, ఫ్రాన్స్‌లో తాను నేర్చుకున్న సామాజిక చికిత్సను అక్కడ ప్రవేశపెట్టాడు. యూరోపియన్ స్త్రీల వార్డులో అది పనిచేసింది. ముస్లిం పురుషుల వార్డులో విఫలమైంది. రోగులు సహకరించలేదని ఫానన్ రాయలేదు. తన పద్ధతే వాళ్ల జీవితానికి పరాయిదని రాశాడు. వాళ్లకు అలవాటైన కాఫీ హోటల్ ఆసుపత్రిలోనే తెరిపించాడు, వాళ్ల పండుగలు జరిపించాడు, కథలు చెప్పేవాళ్లను పిలిపించాడు. వైఫల్యాన్ని రోగి ఖాతాలో రాయకుండా పద్ధతి ఖాతాలో రాయడం, ప్రతి సైకాలజిస్టు ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన మొదటి పాఠం. ఫానన్ కూడా నల్లవాడే, వలస ప్రజల్లో ఒకడే. అయినా అల్జీరియన్ల భాష, బతుకు ఆయనకు పుట్టుకతో రాలేదు. కులం ఒక్కటే అర్హత కాదనడానికి కూడా ఆయనే ఉదాహరణ.

మన దగ్గర ఉన్నవి

మనం ఖాళీ చేతులతో లేం. బాబాసాహెబ్ రాసిన "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"ను నేను క్లినికల్ గ్రంథంగా చదువుతాను. అందులో మొదటి ఘటన జరిగింది రైల్వే స్టేషన్లోనే. కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి వెళ్లడానికి పిల్లలు మసూర్ స్టేషన్లో దిగుతారు. శుభ్రమైన బట్టలు చూసి స్టేషన్ మాస్టర్ వాళ్లను బ్రాహ్మణ పిల్లలనుకుంటాడు. మహర్లమని చెప్పగానే అతని ముఖం మారిపోతుంది. రెట్టింపు కిరాయి ఇస్తే తప్ప బండి దొరకదు. రాత్రంతా తాగడానికి నీళ్లు దొరకవు. తొమ్మిదేళ్ల పిల్లవాడి మీద పడిన ఆ ముద్రను ఆయన నలభై దాటాక రాశారు. ఎవరు ఏమన్నారు, ముఖం ఎలా మారింది, తనకు అప్పుడు ఏమనిపించింది అన్నది వరుసగా, అతిశయోక్తి లేకుండా నమోదు చేశారు. బెక్ కాగితంలోని సాక్ష్యం గడిని ఎలా నింపాలో తెలియాలంటే ఈ చిన్న పుస్తకం చదివితే చాలు. కులం ఇటుకల గోడ కాదు, మనసులోని భావన అని "కులనిర్మూలన"లో ఆయన చెప్పింది 1936లో. ఆ భావన ఎవరి మనసుల్లో ఉందో వాళ్లను వదిలేసి, దాని దెబ్బ తిన్నవాళ్లకే చికిత్స చేస్తున్నాం.

మన భాషలో 1941లో జాషువా "గబ్బిలం" వచ్చింది. అందులో అరుంధతీ సుతుడు తన గోడు చెప్పుకోవడానికి గబ్బిలాన్ని ఎంచుకుంటాడు. ఊళ్లో ఇంతమంది మనుషులుండగా వినే మనిషి ఒక్కడూ దొరకలేదు. థెరపిస్టుల గురించి మనం అడుగుతున్నది ఇంతకన్నా ఎక్కువేమీ కాదు: మా మాట వినడానికి ఇంకా గబ్బిలమే దిక్కా?

ఇటీవల బహుజన యువత తమ గోడు తామే వినే ఏర్పాట్లు మొదలుపెట్టింది. కందుకూరి దివ్య ప్రారంభించిన "ద బ్లూ డాన్" అలాంటి ప్రయత్నమే. కులం తెలిసిన థెరపిస్టుల కోసం వెతుకుతున్న బహుజనులకు అది తోడు నిలిచింది. అవసరం లేకపోతే ఆ వెతుకులాట పుట్టేది కాదు.

రెండు అభ్యంతరాలు

మొదటిది బయటి నుంచి వస్తుంది. "దళితులకు దళిత థెరపిస్టులే ఉండాలంటారా? అది మళ్లీ వాడ కట్టడం కాదా?" కాదు. మన సమాజం నుంచి చాలామంది సైకాలజిస్టులు రావాలి, అది ప్రాతినిధ్యం. ప్రతి సైకాలజిస్టూ కులాన్ని అర్థం చేసుకోవాలి, అది నైపుణ్యం. ఈ రెండూ వేర్వేరు డిమాండ్లు, ఒకదాన్ని చూపి మరొకదాన్ని ఎగ్గొట్టడానికి లేదు. కులం దాచుకుని చదువు నెట్టుకొచ్చిన దళిత థెరపిస్టు, తన గాయం రేగుతుందన్న భయంతో క్లయింటు మాటను దారి మళ్లించవచ్చు. అగ్రకుల థెరపిస్టు నేర్చుకుని బాగా వినవచ్చు. క్లయింటు అడిగినప్పుడు "నేను ఈ అనుభవం లేని కులంలో పుట్టాను, నాకు అందని చోట చెప్పండి" అనగలిగితే చాలు, సగం బరువు దిగుతుంది. పుట్టుక నేపథ్యం అవుతుంది, పద్ధతి మాత్రం నేర్చుకునేదే. నేర్చుకోవాల్సింది ఉందని ఒప్పుకోవడం దగ్గరే వృత్తి ఆగిపోయింది.

రెండోది మన లోపలి నుంచి వస్తుంది. "బాధ సామాజికం, మందు వ్యక్తిగతమా? థెరపీ ఉద్యమాన్ని చల్లార్చదా?" ఈ అనుమానానికి కారణం ఉంది. రోహిత్ వేముల 2016 జనవరి 17న మరణించాక, రూపన్‌వాల్ కమిషన్ వివక్షను పక్కనపెట్టి వ్యక్తిగత కారణాలనే చూపింది. హాస్టల్ నుంచి వెలేసిన సంగతి వెనక్కి పోయి, అతని మనసే విచారణకు నిలబడింది. 2019 మేలో పాయల్ తడ్వీ మరణం తర్వాతా "సున్నిత మనస్కురాలు" అన్న గొంతులు వినిపించాయి. మనస్తత్వ శాస్త్రం సంస్థల చేతిలో సాక్షిగా మారి మనకు వ్యతిరేకంగా నిలబడటం చూశాం. 

అయినా ఆ శాస్త్రాన్ని వాళ్లకే వదిలేయడం దీనికి జవాబు కాదు. గాయం గురించిన అధ్యయనం రాజకీయ ఉద్యమాల అండ ఉన్నప్పుడే ముందుకు సాగిందని జుడిత్ హెర్మన్ 1992లోనే వివరించింది. స్త్రీవాద ఉద్యమం లేకపోతే గృహహింస గాయంగా పేరు తెచ్చుకునేది కాదు. కుల గాయానికి ఆ పేరు తేవాల్సింది మన ఉద్యమమే. పైగా ధర్నా ముగిసి అందరూ వెళ్లాక గదిలో ఒంటరిగా మిగిలే రాత్రి ఒకటుంటుంది. ఆ రాత్రికి నినాదం సరిపోదు. మన కార్యకర్తల్లో, పరిశోధకుల్లో ఎందరు ఆ రాత్రిని ఎవరికీ చెప్పకుండా దాటుతున్నారో మనకు తెలుసు. థెరపీ ఉద్యమానికి బదులు కాలేదు, ఉద్యమం థెరపీకి బదులు కాలేదు.

ఏం అడగాలి

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కుల వివక్ష లేని చికిత్సను హక్కుగా ఇచ్చింది. 3వ సెక్షన్ ప్రకారం, సామాజిక హోదాను బట్టి గానీ, చుట్టూ ఉన్న సమాజపు విలువలకు లొంగలేదని గానీ ఎవరినీ మానసిక రోగిగా తేల్చకూడదు. చట్టంలో ఉన్న ఈ మాటలను క్లినిక్‌లోకి తేవడానికి కొన్ని స్పష్టమైన డిమాండ్లు కావాలి.

ఒకటి, క్లినికల్ సైకాలజీ శిక్షణలో కులం ఒక క్లినికల్ అంశంగా ఉండాలి. "సామాజిక కారకాలు" అన్న ఒక్క పేరాలో పేదరికంతో కలిపి చుట్టేయడం చాలదు. అంబేడ్కర్‌నూ ఫానన్‌నూ చదివించాలి. శిక్షణలో ఉన్నవాళ్లు తమ సొంత కుల నేపథ్యాన్ని పర్యవేక్షకుల ముందు పరిశీలించుకోవడం కోర్సులో భాగం కావాలి.

రెండు, శిక్షణ సీట్లలో, అధ్యాపకుల్లో, క్యాంపస్ కౌన్సెలర్లలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు ఎంతమందో ప్రతి సంస్థ ఏటా బయటపెట్టాలి. రెండేళ్లు పూర్తికాలం ఆసుపత్రిలో గడపాల్సిన శిక్షణకు స్టైపెండ్ లేకపోతే కాంట్రాక్టు కార్మికుడి కూతురు అందులో చేరలేదు. చేరలేని చోట రిజర్వేషన్ కాగితానికే పరిమితం.

మూడు, క్యాంపస్ కౌన్సెలర్ క్రమశిక్షణ కమిటీకి జవాబుదారీ కాకూడదు. అక్కడ చెప్పుకున్నది వార్డెన్ చెవిన పడదన్న నమ్మకం లేకపోతే ఆ గది తలుపు ఎవరూ తట్టరు. వివక్ష ఫిర్యాదు అయితే దాన్ని సమాన అవకాశాల విభాగానికి తీసుకెళ్లే దారి క్లయింటుకు చెప్పడం కౌన్సెలర్ బాధ్యత. 2012 యూజీసీ సమానత్వ నిబంధనల నుంచీ ఆ విభాగాలు ఉండాల్సే ఉంది. వేధింపు ఆగకుండా ఓర్చుకోవడం నేర్పితే అది చికిత్స అనిపించుకోదు.

నాలుగు, మనిషి ఏడ్చే భాషలో సేవ అందాలి. బిలాస్‌పూర్ వంటి ఊళ్లలో ఛత్తీస్‌గఢీ, తెలుగు తెలిసినవాళ్లను ఆసుపత్రుల్లో నియమించడం పెద్ద ఖర్చేమీ కాదు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి-మానస్ ఫోను సేవ తెలుగులోనూ దొరుకుతోంది. కానీ ఎదురుగా కూర్చుని, కంటి తడి చూసి వినే మనిషికి ఫోను సాటిరాదు.

విద్యార్థులకు, పరిశోధకులకు ఒక మాట. మీ క్యాంపస్‌లో కౌన్సెలర్‌ను నియమించే ఇంటర్వ్యూ జరిగినప్పుడు అక్కడ వేయాల్సిన ప్రశ్న ఒకటుంది: "రిజర్వేషన్ సీటులో వచ్చిన విద్యార్థి, క్లాసులో తనను తక్కువగా చూస్తున్నారని చెబితే మీరు మొదట ఏమడుగుతారు?" ఆ జవాబు వింటే డిగ్రీలు చెప్పని నేపథ్యం తెలిసిపోతుంది. ఆ ప్రశ్నను ఎంపిక కమిటీ ముందు పెట్టించండి. పెట్టకపోతే విద్యార్థి సంఘాల తరఫున రాసి ఇవ్వండి. మనస్తత్వ శాస్త్రం చదువుతున్న మన పిల్లలు క్లినికల్ వైపు రావాలి, వాళ్ల ఫీజులకు, హాస్టళ్లకు మన ఉద్యోగుల సంఘాలు నిలబడాలి. రైల్వేలో మన తాతలు పట్టాల కింద కంకర సరిచేసి ఎవరెవరి ప్రయాణాలనో సాఫీగా సాగించారు. మన మనసుల మీదుగా ఇన్నాళ్లూ సాగిన బరువును కొలిచే పని ఇప్పుడు మన తరానిది.

జై భీమ్.

(వ్యాసకర్త పరిశోధక విద్యార్థి, బిలాస్‌పూర్. మనసు భారంగా ఉన్నవారు టెలి-మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు.)